తెరచాపలో ముందు పోయేది దారమే

ప్రశ్న: మా పాప హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే పిల్లల చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకుంటోంది. సాధనకని పాత డాక్రాన్ తెరచాప ఒకటి కొన్నాం. నల్లటి బూజు మచ్చలున్నాయి, రెండుచోట్ల కుట్లు ఊడాయి. వాషింగ్ మెషీన్‌లో వేసి, ఇంటి మిషన్ మీద కుట్టేయొచ్చా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: వాషింగ్ మెషీన్‌లో మాత్రం వేయకండి. డాక్రాన్ పాలిస్టర్ నేతే గానీ, గంజి పెట్టినట్టు దానికి రెజిన్ పట్టిస్తారు. గాలికి సాగకుండా ఆకారం నిలబెట్టేది అదే. మెషీన్‌లో తిప్పితే అది విరిగిపోయి తెరచాప దుప్పటిలా మెత్తబడుతుంది. ఇస్త్రీ కూడా వద్దు.

నున్నటి డాబా మీద పరిచి, బకెట్ గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల గిన్నెల లిక్విడ్ కలిపి, మెత్తటి బ్రష్‌తో రెండువైపులా రుద్దండి. బూజు పాలిస్టర్‌ని తినదు, దానిమీది మురికిని తిని బతుకుతుంది. మురికి పోతే సగం పని అయినట్టే. మొండి మచ్చలకు 10 పాళ్ల నీళ్లలో ఒక పాలు బట్టల బ్లీచ్ కలిపి రాసి, 10 నిమిషాలుంచి, వాసన పోయేదాకా కడగండి. యాసిడ్ ఉన్న క్లీనర్ దాంతో కలిస్తే విషవాయువు పుడుతుంది, జాగ్రత్త. మచ్చ తాలూకు నీడ మిగిలితే వదిలేయండి, పడవ నడకకు దాంతో ఇబ్బంది లేదు. నైలాన్ తెరచాపకైతే బ్లీచ్ చుక్క కూడా తగలకూడదు, నేత పాడైపోతుంది.

ఇక కుట్లు. డాక్రాన్ బిరుసుగా ఉంటుంది కాబట్టి దారం అందులోకి దిగదు, పైకి ఉబ్బే ఉంటుంది. ఎండా, రాపిడీ ముందు దానికే తగులుతాయి. అందుకే ప్రతి కుట్టునూ బొటనవేలి గోరుతో గట్టిగా గీరి చూడండి. పుటుక్కున తెగితే ఆ వరుసంతా మళ్లీ కుట్టాల్సిందే.

జిగ్‌జాగ్ కుట్టు వచ్చే మిషనైతే 16వ నంబరు సూదితో, ఎండకు తట్టుకునే పాలిస్టర్ దారంతో ఇంట్లోనే కుట్టొచ్చు. తిన్నని కుట్టు వద్దు, గాలికి గుడ్డ లాగినప్పుడు పుటుక్కుమంటుంది. అతుకుల్ని గుండుసూదులతో కాక రెండువైపులా అంటుకునే టేపుతో పట్టి ఉంచండి. మూలల్లో పొరలు మందం, అక్కడ చేతి సూదే దిక్కు. పాత రంధ్రాల్లోంచే ఒకసారి వెళ్లి, వదిలిన గళ్లు నింపుతూ వెనక్కి రండి.

కుట్టేముందు సూది గుచ్చి మెలిపెట్టి చూడండి. రంధ్రం పడితే సరే. గుడ్డ చిరిగితే దాని ఆయుష్షు అయిపోయింది, అతుకేసినా పక్కనే చిరుగుతుంది.

ప్రశ్న: సముద్రంలో వాడిన తెరచాప ఎంత ఎండబెట్టినా చెమ్మగానే ఉంటోంది. ఎందుకు?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉప్పు వల్ల. నేతలో మిగిలిన ఉప్పు గాలిలోని తేమను లాగుతూనే ఉంటుంది. వాడిన రోజే మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టండి. గాలికి టపటపా కొట్టుకునేలా మాత్రం వేలాడదీయకండి, ఆ దెబ్బలకే రెజిన్ విరుగుతుంది. ఆరాక మడతపెట్టకుండా పైకొస నుంచి కిందికి చాపలా చుట్టి, సంచిలో పెట్టండి.