పికో బోర్డు మీద విండోస్ ఎక్కదు గానీ పాత మ్యాక్ ఎక్కుతుంది

రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు మీద విండోస్ 10 ఎక్కించొచ్చా అని అడిగావు తమ్ముడూ. ఆ ఆశ వదిలేయ్. అందులోని ఆర్‌పి2040 చిప్‌కి ర్యామ్ 264 కేబీ, ఎంబీ కాదు, కేబీ! రాస్ప్‌బెర్రీ పై అనే పేరు చూసి చాలామంది దీన్ని కూడా పై 4 లాంటి కంప్యూటరే అనుకుంటారు, షాపులవాళ్లు కూడా ఆ తేడా చెప్పరు.

అయితే మౌస్‌తో మెనూలు తెరిస్తే చాలు, అదే డెస్క్‌టాప్ అనుకుంటే దారి ఉంది. 1984లో వచ్చిన మొదటి మ్యాకింటాష్ ర్యామ్ 128 కేబీయే, అంటే ఆ మెషీన్ మెమరీ అంతా పికోలో పెట్టేసినా సగం పైనే మిగులుతుంది. స్క్రీన్ 512×342, నలుపూ తెలుపూ మాత్రమే కాబట్టి ఒక్కో చుక్కకి ఒక్క బిట్టు, మొత్తం 22 కేబీ కూడా కాదు, అదీ ఆ 128లోనే. రోమ్ (మ్యాక్‌లో శాశ్వతంగా ఉండే ప్రోగ్రామ్) అయితే పికో ఫ్లాష్ మెమరీలో ఉంటుంది, ర్యామ్‌ని ముట్టుకోదు. పాత మ్యాక్‌ని పికోలో అనుకరించే పికో-మ్యాక్ అనే ప్రాజెక్టు నడిచేది ఈ లెక్క మీదే. నేను విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో దాన్ని పాత వీజీఏ మానిటర్‌కి కలిపి పెట్టాను. కావలసినవి ఒక ఓటీజీ హబ్బు, కీబోర్డు, మౌస్, కొన్ని రెసిస్టర్లు, ఇవి డాబా గార్డెన్స్ వైపు దొరికిపోతాయి.

ఒక్క మాట, బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద వదిలేయకు. మన బీచ్ గాలికి జంపర్ వైర్ల కొసలు నల్లబడి, హెచ్‌సింక్ వైరు (స్క్రీన్ మీద ఒక్కో అడ్డ గీత ఎక్కడ మొదలవ్వాలో మానిటర్‌కి చెప్పేది) కాస్త వదులైతే చాలు, మెనూ బార్ ముక్కలై పక్కకి జారిపోతుంది, ప్రోగ్రామ్‌లో తప్పుందేమోనని నువ్వు రాత్రంతా టెన్షన్ పడతావు. సోల్డర్ చేసేయ్.

పాత పీసీల డాసే కావాలంటే పికో పక్కన పెట్టి ఈఎస్‌పీ32 అనే వేరే మైక్రోకంట్రోలర్ తీసుకో, ఫ్యాబ్‌జీఎల్ లైబ్రరీలోని పీసీ ఎమ్యులేటర్‌లో (పాత పీసీని అనుకరించే ప్రోగ్రామ్) విండోస్ 3.0 కూడా లేస్తుంది, కాకపోతే కొనేటప్పుడు పీఎస్‌ర్యామ్ (అదనపు ర్యామ్) ఉన్న వ్రోవర్ మాడ్యూలే అడుగు, మామూలు వ్రూమ్‌తో ఆ పని అవదు.

ఇంకోటి, మ్యాక్ రోమ్ ఆపిల్‌ది, ప్రాజెక్టుతో పాటు రాదు, అది నువ్వే సంపాదించుకుని నువ్వే బిల్డ్ చేసుకోవాలి.