అన్నం ముద్ద నోట్లో పెట్టగానే ఒక కంట్లోంచే నీళ్లు.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 52. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేస్తున్నాను. పోయిన ఏడాది కుడివైపు మూతి వంకర పోయింది. మందులతో చాలావరకు తగ్గింది. కొన్ని నెలలుగా భోజనానికి కూర్చుంటే చాలు, కుడి కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. కారం వల్లేమోనని గోంగూర పచ్చడి, ఆవకాయ మానేశాను. పెరుగన్నం తిన్నా అంతే. మళ్లీ పక్షవాతం వస్తుందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. నాలుగు నెలల్లో మా అమ్మాయి పెళ్లి. పదిమందిలో తినాలంటే ఇబ్బందిగా ఉంది.
- ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: మీరు రాసినదాన్ని బట్టి ఇది మళ్లీ పక్షవాతం రావడానికి సూచన కాదు. అప్పుడు దెబ్బతిన్న నాడి తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పడం వల్ల వచ్చిన సమస్య. కారం ఘాటుకైతే సాధారణంగా రెండు కళ్లూ చెమరుస్తాయి, ముక్కూ కారుతుంది. మీకు ఒక్క కన్నే, అదీ మూతి వంకర పోయిన వైపుదే కారుతోంది.

కన్నీటి గ్రంథి పై రెప్ప వెనక, బయటి మూలన ఉంటుంది. యార్డులో మిర్చి ఘాటు కంటికి తగిలిన సంగతిని మెదడుకు చేరవేసేది అయిదో కపాల నాడి. నీళ్లు వదలమనే ఆజ్ఞ మాత్రం ఏడో నాడిలో వస్తుంది. ముఖ కండరాలను కదిలించే ఫేషియల్ నర్వ్ అదే. చెవి దగ్గరి ఎముకలో సన్నని గొట్టంలాంటి దారిలో అది వెళుతుంది. అక్కడ కన్నీటి పోగులు ఒక కొమ్మగా విడిపోయి, ముక్కు వెనక ఉన్న నాడీ ముడి మీదుగా కంటికి చేరతాయి. దవడ కింది లాలాజల గ్రంథులకు వెళ్లే పోగులూ ఈ నాడిలోనే ఉంటాయి. మూతి వంకరలో నాడి వాచి నలిగేది ఎక్కువగా ఆ ఇరుకు దారిలోనే.

  

తెగిన నాడీ పోగులు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతాయి. అందుకే ఈ సమస్య నెలల తర్వాత గానీ బయటపడదు. అలా పెరిగేటప్పుడు లాలాజలం కోసం బయల్దేరిన పోగులు కొన్ని కన్నీటి గ్రంథికి చేరతాయి. ఒక చేనుకు వదిలిన నీళ్లు గట్టు తెగి పక్క చేలో పారినట్టన్నమాట. ముద్ద రుచి తగలగానే నోరూరడంతో పాటు కన్నూ కారుతుంది. దీన్ని ‘క్రొకడైల్ టియర్స్ (మొసలి కన్నీళ్ల) సిండ్రోమ్’ అంటారు. చీటీ మీద ఆ పేరు రాస్తే, మీరు నటిస్తున్నారని డాక్టరు అన్నట్టు కాదు, నొచ్చుకోకండి.

అయితే ఒకసారి కంటి డాక్టరుకు చూపించుకోవాలి. రెప్ప పూర్తిగా మూతపడకపోతే కన్ను ఎండి, ఆ మంటకు కూడా నీళ్లు వస్తాయి. అప్పుడు పగలు చుక్కల మందు, రాత్రి జెల్, యార్డులో పక్కలు మూసిన కళ్లద్దాలు అవసరం. కన్నీళ్లు కంటి నుంచి ముక్కులోకి దిగే దారి మూసుకుపోయిందా అన్నదీ చూస్తారు. అది మూసుకుపోతే తినేటప్పుడే కాదు, రోజంతా కారుతుంది. మీ లక్షణం అది కాదు కాబట్టి, పరీక్షలో తేలకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి. గుంటూరు జీజీహెచ్‌లో కంటి విభాగం, న్యూరాలజీ రెండూ ఉన్నాయి.

ఇబ్బంది కొద్దిగానే ఉంటే చికిత్స అక్కర్లేదు. మీకు పదిమందిలో తినడం కష్టంగా ఉంది కాబట్టి కన్నీటి గ్రంథిలోకి బొటాక్స్ ఇంజెక్షన్ గురించి అడగండి. గ్రంథికి ఆజ్ఞను అందించేందుకు నాడి చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అది అడ్డుకుంటుంది. గుణం కొన్ని నెలలే ఉంటుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. కొందరికి పై రెప్ప కొన్ని వారాలు వాలిపోవచ్చు. కన్ను పొడిబారే తత్వం ఉంటే ముందే చెప్పండి.

ఎప్పుడైనా మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, ముఖం మళ్లీ వంకరపోయినా ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి. మానేసిన పచ్చళ్లు మళ్లీ తినొచ్చు. ఇంజెక్షన్ వేయించుకునేట్టయితే పెళ్లికి కనీసం రెండు నెలల ముందు వేయించుకోండి, రెప్ప వాలినా అప్పటికి సర్దుకునే వీలుంటుంది.