స్టీరింగ్ తిప్పితే ‘టంగ్’మంటోంది, ర్యాక్ మార్చాలా?

ప్రశ్న: మా కారు కొని ఆరేళ్ళయింది, 70 వేల కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలుగా చిన్న గతుకుల మీద నెమ్మదిగా వెళ్తుంటే ముందు ఎడమవైపు నుంచి ‘టకటక’మని శబ్దం వస్తోంది. లింక్ రాడ్లు (మలుపుల్లో కారు ఒరగకుండా ఆపే కడ్డీని చక్రాల వైపు కలిపే చిన్న రాడ్లు) రెండూ మార్పించినా తగ్గలేదు. పైగా ఇప్పుడు కారు నిలిపి ఉంచి స్టీరింగ్ తిప్పినా ఒక్కోసారి ‘టంగ్’మంటోంది, తిప్పి వదిలేస్తే స్టీరింగ్ దానంతటదే కాస్త వెనక్కి వస్తోంది. బ్రేకు వేసినప్పుడు శబ్దమేమీ లేదు, కారు పక్కకు లాగడమూ లేదు. మెకానిక్ స్టీరింగ్ ర్యాక్ (స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే పళ్ళ కడ్డీ) మార్చాలంటున్నారు. మార్పించమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. శబ్దం ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నదే మెకానిక్‌కు ఎక్కువ పనికొస్తుంది; ఆ వివరం మీరు చక్కగా రాశారు. ముఖ్యంగా, వదిలేసిన స్టీరింగ్ వెనక్కి వస్తోందన్న మాట నన్ను ర్యాక్ వైపు కాకుండా స్ట్రట్ పైభాగం వైపు చూడమంటోంది.

చాలా కార్లలో ముందు షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ ఉండే కాయిల్ స్ప్రింగ్ కలిసి స్ట్రట్ అనే ఒకే భాగంగా ఉంటాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రంతోపాటు ఈ స్ట్రట్ కూడా తిరుగుతుంది. దాని పైకొస బాడీకి తగిలేచోట ఒక రబ్బరు మౌంటు, ఒక బేరింగ్ ఉంటాయి. దుమ్ము, నీరు చేరి ఆ బేరింగ్ బిగుసుకుపోతే, స్ప్రింగ్ కిందికొస చక్రంతో తిరుగుతుంది కానీ పైకొస కదలదు. మెలి పడిన స్ప్రింగ్ ఒక్కసారిగా వదులుకున్నప్పుడు మీరు వింటున్న ‘టంగ్’ పుడుతుంది. మెలి పూర్తిగా వదలనప్పుడు అదే చక్రాన్ని వెనక్కి నెడుతుంది, స్టీరింగ్ కూడా దాంతో వస్తుంది. రబ్బరు మౌంటు కూడా చిరిగి ఉంటే గతుకుల మీద ‘టకటక’ అక్కడి నుంచే రావచ్చు. అంటే మీరు చెప్పిన రెండు శబ్దాలకూ మూలం ఒక్కచోటే ఉండే అవకాశం ఎక్కువ.

దీన్ని తేల్చుకోవడానికి ఏ భాగమూ విప్పనక్కర్లేదు. కారును సమతలం మీద నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరిని స్టీరింగ్‌ను నెమ్మదిగా ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పమనండి. మీరు చక్రం పైనుంచి చేయి పోనిచ్చి స్ప్రింగ్‌కు బయటివైపు అరచేయి ఆనించండి; చుట్ల మధ్య మాత్రం వేళ్ళు పెట్టకండి. బేరింగ్ బాగుంటే స్ప్రింగ్ నునుపుగా తిరుగుతుంది. పాడైతే కాసేపు ఆగి, ఒక్క ఉదుటున జరగడం చేతికి స్పష్టంగా తెలుస్తుంది.

కొత్త లింక్ రాడ్ల నట్లు కూడా ఒకసారి చూపించండి. నట్టు తిప్పుతున్నప్పుడు లోపలి బాల్ స్టడ్ (గుండ్రటి తల ఉన్న బోల్టు) కూడా దాంతోపాటు తిరిగిపోతుంది కనుక, స్టడ్‌ను కదలకుండా పట్టుకోకపోతే బిగిసినట్టే కనిపించి వదులుగా మిగిలిపోతుంది. గతుకుల మీద వెళ్తూ బ్రేకు పెడల్‌ను తేలికగా నొక్కి చూడండి. ‘టకటక’ ఆగిపోతే అది బ్రేకు ప్యాడ్లదే కావచ్చు.

లోయర్ ఆర్మ్ బుష్ (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే ఆర్మ్‌కు ఉండే రబ్బరు) చిరిగితే సాధారణంగా బ్రేకు వేసినప్పుడు ‘ధడ్’మని ఒక్క దెబ్బ వినిపిస్తుంది. మీకది లేదు కనుక అనుమానం తక్కువే. బాల్ జాయింట్‌ను (ఆ ఆర్మ్‌ను చక్రం వైపు కలిపే కీలు) మాత్రం తప్పక పరీక్షించాలి, ఎందుకంటే అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. ఇందుకు చక్రాన్ని పైకి లేపాలి; జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎవరూ వెళ్ళకూడదు, స్టాండు పెట్టాల్సిందే. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ వదులైతే తెలుస్తుంది. కుడిఎడమల పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్, ర్యాక్ ఎండ్ (ర్యాక్ నుంచి చక్రానికి వెళ్ళే రాడ్డు రెండు చివర్ల కీళ్ళు) సంగతి బయటపడుతుంది. ఇవన్నీ బాగున్నాయని తేలాకే ర్యాక్‌ను అనుమానించాలి. అన్నిటికంటే ఖరీదైన భాగాన్ని అన్నిటికంటే ముందు మార్చడం నాకు ఏమాత్రం సమ్మతం కాదు.

మౌంటు, బేరింగ్ మార్చాల్సి వస్తే రెండువైపులా మార్పించి, తరువాత వీల్ అలైన్‌మెంట్ చూపించండి. ఈ పని ఇంట్లో చేయకండి: స్ప్రింగ్‌ను పరికరంతో నొక్కిపెట్టకుండా స్ట్రట్ మధ్య నట్టు విప్పితే అది ప్రాణాంతకమైన వేగంతో విడుచుకుంటుంది. ఎప్పుడైనా లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పిస్తే, కారు బరువు చక్రాల మీదికి వచ్చాకే వాటి బోల్టులు చివరగా బిగించమనండి. చక్రం వేలాడుతుండగా బిగిస్తే, కారు కిందికి దిగగానే రబ్బరు మెలి తిరిగి, ఆ మెలితోనే ఉండిపోతుంది. అలాంటి బుష్‌లు కొద్ది నెలలకే చిరిగిపోవడం నేను స్వయంగా చూశాను.

ప్రశ్న: 60 కిలోమీటర్ల వేగం దాటాక ముందు నుంచి ‘గూఁ’ అని హోరు వస్తోంది. ఎడమవైపు మలుపులో తగ్గుతోంది. ఏ చక్రానిది?

జవాబు: ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రం మీదికి వెళ్ళి ఎడమ చక్రం తేలికవుతుంది, కాబట్టి ఎడమ వీల్ బేరింగ్‌నే మొదట అనుమానించాలి. అయితే అరిగిన టైర్లు కూడా ఇలాగే హోరు పెడతాయి. ముందు టైర్లను వెనక్కి మార్చి అదే రోడ్డు మీద నడపండి. హోరు టైర్లతోపాటు వెనక్కి వెళ్తే లోపం టైర్లది. ముందే ఉండిపోతే ఎడమ బేరింగ్ మార్పించండి.