పదో తరగతి బాబును హాస్టల్లో వేయాలా?

అక్కా, మీ ఆయన బెంగళూరులో వేరుగా ఉంటున్నారని, మీరు బాబుతో చిత్తూరులోనే పుట్టింట్లో ఉంటున్నారని, లెక్కల్లో మార్కులు సగానికి పడిపోయాయి కాబట్టి తిరుపతి హాస్టల్లో వేయాలా అని అడిగారు కదా. నన్నడిగితే వద్దు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని, ఇల్లు మారిన పిల్లాడికి బడి, స్నేహితులు కూడా మారిస్తే ఇంకేం మిగులుతుంది?

ఈ వయసు పిల్లలకు పుస్తకం ముందు తెరిచే ఉంటుంది, గంటసేపు అదే పేజీ, చెవి మాత్రం పక్క గదిలో మీ ఫోన్ మీద ఉంటుంది. అందుకే లాయరు మాటలు, గొడవలు వాడు బడికెళ్లాక పెట్టుకోండి. ఫీజు గురించి మీ నాన్నను అడుగు అని వాడి చేత రాయబారాలు చేయించకండి (మనవాళ్లు బాగా చేసే పనే ఇది!). నాన్నతో ఫోన్‌కి ఒక టైం పెట్టండి, మీరు పక్కన కూర్చోవద్దు.

క్లాస్ టీచరు ఒక్కరికైనా విషయం చెప్పండి, లేకపోతే వాడికి సోమరి అని పేరు పడుతుంది.

నిద్ర, తిండి సరిగా లేకపోయినా, బతకాలని లేదు లాంటి మాట వచ్చినా మాత్రం పరువు చూసుకోకుండా వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం కూడా ఉంది.

ట్యూషన్ సంగతి తర్వాత, ముందు టీచరు ఏమన్నారో ఇక్కడ రాయండి.