ఎడారిలో ఇన్ని పూలు ఎక్కడివి?

ప్రశ్న: అమెరికాలోని డెత్ వ్యాలీ ఎడారి పసుపు పూలతో నిండిపోయిన ఫొటోలు చూశాను. అంత ఎండిన నేలలో ఒక్కసారిగా అన్ని పూలెలా వస్తాయి? వాన పడిన ప్రతి ఏడాదీ పూస్తాయా?

జవాబు: ఎవరో తెచ్చి చల్లినవి కావండీ, ఆ విత్తనాలు ముందు నుంచే మట్టిలో ఉంటాయి, కొన్నయితే ఏళ్ల తరబడి అలాగే ఎదురుచూస్తాయి. చాలా విత్తనాల పైపొరలో మొలకను ఆపే పదార్థం ఉంటుంది. చిన్న జల్లుకు అది పోదు, కనీసం అర అంగుళం వాన గట్టిగా పడి కడిగేస్తేనే మొలక బయటికొస్తుంది, అంటే ఆ మొక్క బతకడానికి సరిపడా తడి నేలలో ఉందని తేలాకే అన్నమాట. ఎంత తెలివో చూడండి!

ఆ వాన శరత్కాలంలో పడాలి, తర్వాత కూడా మధ్యమధ్యలో జల్లులు రావాలి, ఎండబెట్టే గాలులు వీయకూడదు. చలికాలమంతా ఆకులు నేలకు అతుక్కుని ఉంటాయి, కింద వేళ్లు దిగుతుంటాయి, ఫిబ్రవరి మధ్య నుంచి పూత మొదలవుతుంది. ఏడాదికి సగటున రెండు అంగుళాల వానే పడే చోట ఇవన్నీ కలిసిరావడం అరుదు. 1998, 2005, 2016లలో బ్రహ్మాండంగా పూశాయి.

ఫొటోల్లో పసుపు రంగు ఎక్కువగా డెజర్ట్ గోల్డ్‌ది. నాకు మాత్రం డెజర్ట్ ఫైవ్‌స్పాట్ ఇష్టం: గులాబీ రంగు గిన్నెలా ఉంటుంది, లోపలికి తొంగిచూస్తే అయిదు రేకుల మీదా ఒక్కో ఎర్రటి మచ్చ. వెళ్తే దారి దిగి తొక్కకండి, కోయకండి. మళ్లీ పూయాల్సిన విత్తనం వాటిలోనే ఉంది.