నీళ్ల మీద పొర ‘ఉంటుందా’, ‘కడుతుందా’?

సందేహం: మా బిడ్డ తెలుగు మీడియం. సైన్సు పరీక్షలో ‘నీటి ఉపరితలం మీద పొర కట్టి ఉంటుంది కాబట్టి సూది తేలుతుంది’ అని రాస్తే సారు ‘పొర’ కొట్టేసి మార్కు తీసేశారు. పాల మీద పొర అంటాం కదా, నీళ్ల మీద అనకూడదా? – ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అనొచ్చమ్మా. సారు కొట్టేయాల్సింది ‘పొర’ను కాదు, దాని పక్కనున్న ‘కట్టి’ని.

తెలుగులో ఏదైనా ‘కట్టింది’ అంటే కొత్తగా వచ్చి పేరుకుందనో, ఉన్నదే గట్టిపడిందనో అర్థం. మీగడ కట్టింది, గడ్డ కట్టింది, అట్ట కట్టింది. మీగడ సంగతే చూడండి, మీఁదు + కడ కలిసి మీఁగడ అయిందని ప్రాతాది సంధిలో చదువుకున్నదే, అంటే పైభాగమని అర్థం, కానీ అందులో కొవ్వూ ప్రోటీనూ చేరి ఉంటాయి కాబట్టి వేలితో తీసి గిన్నె అంచుకు పెట్టొచ్చు. నీళ్ల దగ్గర అది కుదరదు. గాలి లేని పొద్దున భద్రకాళి చెరువు ఒడ్డున చూడండి, పొడుగు కాళ్ల పురుగులు నీళ్ల మీద జారుతుంటాయి, కాలు ఆనిన చోట చిన్న గుంట పడుతుంది తప్ప కాలు దిగబడదు. తీసి పక్కన పెట్టడానికి అక్కడ ఏముంది? పైనా నీరే, కిందా నీరే.

తేడా అంతా అణువుల అమరికలోనే. (అణువు వేరు, పరమాణువు వేరు, ‘అణుబాంబు’ అనే మాట ఈ రెంటినీ కలగాపులగం చేసి పెట్టింది.) లోపలి నీటి అణువుకు నాలుగు పక్కలా తోటి అణువులుంటాయి, వాటితో హైడ్రోజన్ బంధాలు (ఒక అణువులోని హైడ్రోజన్‌కూ పక్క అణువులోని ఆక్సిజన్‌కూ మధ్య ఉండే ఆకర్షణ) పెట్టుకుంటుంది. అంచున ఉన్నదానికి పైన పట్టుకోవడానికి ఏమీ దొరకదు. 1993లో అమెరికాలోని బర్కిలీలో షెన్ అనే భౌతికశాస్త్రవేత్త బృందం రెండు లేజర్ కిరణాలను నీటి ఉపరితలం మీద కలిపి చూస్తే, పైనున్న అణువుల్లో 20 శాతానికి పైగా ఒక హైడ్రోజన్‌ను ఏ బంధమూ లేకుండా గాలిలోకి చాచి ఉన్నాయని తేలింది. జత దొరకని ఈ అణువులను లోపలివి కిందికి గుంజుతాయి, అందుకే నీరు తన పైభాగాన్ని వీలైనంత కుదించుకోవాలని చూస్తుంది. పుస్తకాల్లో ‘తలతన్యత’ అనేది దీన్నే. 20 డిగ్రీల దగ్గర మీటరుకు 0.073 న్యూటన్లు.

ఇక ఆ బంధాలైనా స్థిరంగా ఉంటాయా అంటే, సెకనులో లక్ష కోట్లో వంతు లెక్కన తెగుతూ అతుకుతూ ఉంటాయి, పైనున్న అణువు లోపలికి, లోపలిది పైకి మారుతూనే ఉంటాయి. ఇంత చంచలమైనదానికి ‘కట్టింది’ అనే క్రియ ఎట్లా అతుకుతుంది? ‘పై పొర’, ‘పొరలా’ అంటే మాత్రం ఏ పేచీ లేదు.

నిజానికి ఆ వాక్యంలో నాకు ఎక్కువ అభ్యంతరం ‘తేలుతుంది’ మీద. రామప్ప గుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్లలో తేలుతుంది, ఎందుకంటే అది నీటికన్నా తేలిక. ఉక్కు సూది నీటికన్నా ఏడెనిమిది రెట్లు బరువు, అది తేలేది కాదు, నీళ్ల మీద ఆగేది. ఒక్క సబ్బునీటి చుక్క వేసి చూడండి, తలతన్యత తగ్గి సూది అడుగుకు పోతుంది. ఇటుకకు ఏమీ కాదు. వాడుకలో రెంటినీ తేలడమే అంటాం, తప్పు పట్టను, కానీ సైన్సు జవాబులో ‘నీటి ఉపరితలం సాగదీసిన పొరలా ఉంటుంది కాబట్టి సూది దాని మీద నిలుస్తుంది’ అని రాయమనండి.