ఆమె చెప్పే లెక్కను ఎందుకు కోసేశావు?

తమ్ముడూ,

పారిశుద్ధ్య కార్మికుల మీద నువ్వు తీసి నాకు పంపిన షార్ట్ ఫిల్మ్ చూశాను. ఏడో నిమిషం దగ్గర, వీధులు ఊడ్చే ఆ అక్క చీపురు గోడకు ఆనించి, అరుగు మీద కూర్చుని మాట్లాడటం మొదలుపెడుతుంది. "కాయితం మీద ఒక జీతం ఉంటది, చేతికి ఇంకోటి వస్తది. పీఎఫ్ పట్టుకుంటున్నమంటడు. మొన్న మా పిల్లగాడు ఫోన్ల చూస్తే..." అంతే, అక్కడ కోసేశావు. వెంటనే వయొలిన్, ఆమె కళ్ళ క్లోజప్, స్లో మోషన్‌లో చీపురు. పిల్లగాడు ఫోన్‌లో ఏం చూశాడో నీకు తెలుసు, నాకు తెలియదు. సినిమా అయిపోయాక కూడా నా కోపం తగ్గలేదు.

తెల్లారకముందు హాజరు వేసే మస్టర్ దగ్గర ఆడవాళ్ళు నిలబడి ఉన్న షాట్ చాలా బాగుంది. అది ముట్టుకోకు. ఏ కెమెరా కొనాలి, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఎవరు రాస్తారు అని అడిగావు. వాటి గురించి ఇప్పుడు మాట్లాడలేను.

ఆ ముక్క ఎందుకు తీసేశావో నువ్వే రాశావు: "లాగ్ అవుతోంది అన్నా, ఎమోషన్ పడిపోతోంది." ఆమే భయపడి తీసేయమని ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు. ఔట్‌సోర్సింగ్ మనిషి, కాంట్రాక్టర్ పేరు బయటికొస్తే రేపు మస్టర్‌లో ఆమె పేరు ఉండకపోవచ్చు. కానీ ఆమె వద్దనలేదు, నువ్వు వద్దనుకున్నావు. కష్టంలో ఉన్నవాళ్ళకి ఏడవటమే వచ్చు, ఎందుకు ఏడవాల్సి వచ్చిందో చెప్పడం మాత్రం మనలాంటివాళ్ళ పని అని మన సినిమాలు ఎప్పుడో తీర్మానించేసుకున్నాయి. నేను ఒప్పుకోను. తన జీతంలో ఎక్కడ కోత పడిందో ఆమెకు తెలిసినంత బాగా నీకూ తెలియదు, నాకూ తెలియదు. 2023 డిసెంబర్ చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగింది ఇలాంటి లెక్కల మీదే కదా: సమాన పనికి సమాన వేతనం, పర్మినెంట్ చేయడం. కన్నీళ్ళు ఉంచి లెక్క తీసేస్తే ప్రేక్షకుడు జాలిపడి ఇంటికెళ్ళిపోతాడు. ఎవరిని నిలదీయాలో అతనికి తెలియనే తెలియదు.

నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఒక ఛానెల్‌కి పాలమూరు లేబర్ మీద, అంటే మహబూబ్‌నగర్ వైపు నుంచి వలస పోయే కూలీల మీద, అరగంట కార్యక్రమం రాశాను. డ్యాం పనులకు, కాలువ పనులకు దేశమంతా తిరిగొచ్చిన ఒక ముసలాయన దొరికాడు. కూలీలను పనికి తీసుకెళ్ళే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు ఎంత, దానిమీద వడ్డీ ఎంత, తిండికి ఎంత పట్టాడు, జ్వరం వచ్చి పడుకున్న రోజులకు ఎంత కోశాడు, సీజన్ అయ్యాక బాకీ ఎందుకు పెరిగింది, అన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పాడు. వెట్టి మీద అంతకంటే మంచి పాఠం నేను ఎక్కడా చదవలేదు. అక్కడి ప్రొడ్యూసర్ ఆ ముక్క చూసి, "టీవీ ముందు కూర్చుని లెక్కలు ఎవడు చేస్తాడయ్యా" అని మొత్తం తీయించి, ఆయన ఎండిన చేతుల మీద ఫ్లూట్ వేయించాడు. నేను ఎంత వాదించినా వినలేదు. కోయని టేపు ఒకటి అడిగి తెచ్చుకుని, ఆయన ఊళ్ళోనే టీవీ అద్దెకు తెచ్చి చూపించాను. కార్యక్రమం సగంలోనే జనం టీవీ వదిలేసి తమ తమ బాకీలు చెప్పుకోవడం మొదలుపెట్టారు. నేను రాసినవాటిలో దేనికీ ఇంతకంటే పెద్ద మర్యాద దక్కలేదు. ఆ ప్రొడ్యూసర్ లాంటివాళ్ళే ఇప్పుడు షార్ట్ ఫిల్మ్ పోటీలకు జడ్జీలుగా వస్తున్నారు. పది నిమిషాలు దాటకూడదంటారు, చివర్లో మెసేజ్ ఉండాలంటారు. నీ సినిమా సరిగ్గా పది నిమిషాలకు ఎందుకు ఆగిందో నాకు అర్థమైంది.

బెజవాడ విల్సన్‌ గారి సంగతి చూడు. కోలార్ బంగారు గనుల దగ్గర, పాకీ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టాడు. ఆయనా, పాకీ పని పోవాలని పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళూ జాలి అడగలేదు. ఆ పనిని నిషేధిస్తూ 1993లోనే చట్టం వచ్చింది, అయినా పాకీ దొడ్లు ఇవిగో, ఇక్కడ ఉన్నాయి అని ఆధారాలు పట్టుకుని 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2014 మార్చిలో తీర్పు వచ్చింది: 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని. 2023లో కోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. ఇందులో వయొలిన్ ఎక్కడుంది?

దివ్యభారతి 'కక్కూస్' చూడకపోతే ఈ వారమే చూడు. తమిళనాడులో ఈ పని చేసేవాళ్ళ మీద తీసిన డాక్యుమెంటరీ. 2017లో ప్రదర్శనలకు పోలీసులు అనుమతి ఇవ్వకపోతే ఆమె యూట్యూబ్‌లో పెట్టేసింది. ఏడిపించే సినిమా జోలికి ఏ పోలీసూ రాడు, మాట్లాడే సినిమాకే అనుమతులు గుర్తొస్తాయి.

ఇంకొకటి. 'రైటింగ్ విత్ ఫైర్' ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. అది ఖబర్ లహరియా అని, పల్లెల్లో ఆడవాళ్ళే నడిపే వార్తాసంస్థ విలేకరుల గురించిన సినిమా. 2022 మార్చిలో ఆ ఖబర్ లహరియా వాళ్ళే, ఇది మా కథలో ఒక భాగమే, భాగం చెప్తే మొత్తం వంకరగా కనిపిస్తుంది అని బహిరంగంగా ప్రకటించారు. ఎవరిది న్యాయం అనేది వదిలెయ్. వాళ్ళు రాయగలిగినవాళ్ళు, వాళ్ళకంటూ పత్రిక ఉంది, కాబట్టి జవాబు చెప్పుకున్నారు. నీ సినిమాలోని అక్క ఎక్కడ చెప్పుకుంటుంది?

అందుకని ఫెస్టివల్‌కి పంపకముందే, పని దిగాక మధ్యాహ్నం పూట, వాళ్ళ బస్తీలో సినిమా వెయ్. ఆ లెక్క ముక్క కలిపి వెయ్. ఉంచాలా, కాంట్రాక్టర్ పేరు దగ్గర సౌండ్ ఆపాలా, ముఖం కనపడకుండా చేయాలా, ఆమెనే అడుగు. పే స్లిప్పు చూపించడానికి ఒప్పుకుంటే ఖాతా నంబర్ కప్పేసి, జనం చదువుకునేంతసేపు తెర మీద ఉంచు. కోత అని రాసినచోట ఆగి, అది ఎవరి దగ్గరికి పోతుందో ఆమెతోనే చెప్పించు. మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి వాళ్ళనీ అడుగు, చెప్పకపోతే చెప్పలేదని చూపించు. నిడివి పదిహేను నిమిషాలు అవుతుందా, కానీ.

చివరి టైటిల్స్‌లో డ్రోన్ తిప్పిన కుర్రాడి పేరు ఇంటిపేరుతో సహా ఉంది. ఆమె మాత్రం 'పారిశుద్ధ్య కార్మికురాలు'. ఆమెకు ఇష్టమైతే పేరు వేసి, పక్కన 'మాటలు' అని వెయ్. గడువు నెలాఖరు అన్నావు. దాటిపోతే దాటిపోనీ, వచ్చే ఏడు మళ్ళీ పెడతారు.

మీ అన్న